బేజుబాన్ జాన్వర్ జబాన్ కోసే సూది



2021 మే 1న అమెరికాలో కెంటకీ డర్బీ గెలిచిన గుర్రం పేరు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మదీనా స్పిరిట్. దాని మాలిక్ సౌదీ వ్యాపారి అమ్ర్ జేదాన్. 35,000 డాలర్లకు కొన్న గుర్రం అది. ఆ లోకంలో అది చిల్లర డబ్బు. లక్షల డాలర్లు పోసి కొన్న జాతిగుర్రాలను వెనక్కి నెట్టి అది గెలిచింది. పేరులో మదీనా ఉన్నందుకే మనవాళ్ళు కొందరు ఆ వీడియోని వాట్సాప్‌లో తిప్పుకుని మాషాఅల్లాహ్ అనుకున్నారు. సరిగ్గా వారం తిరిగేసరికి, గుర్రం రక్తంలో బీటామెథసోన్ దొరికిందని దాని ట్రైనర్ బాబ్ బఫర్ట్ స్వయంగా విలేకరుల ముందు చెప్పాల్సి వచ్చింది.

ఆ డిసెంబర్ 6న కాలిఫోర్నియాలోని సాంటా అనీటా ట్రాక్ మీద, పొద్దుటి సాధన పరుగు అవగానే ఆ గుర్రం కుప్పకూలి చనిపోయింది. మూడేళ్ళ వయసు. చావుకి ఖచ్చితమైన సబబ్ పోస్ట్‌మార్టంలో తేలలేదు. ఆ దవాకూ ఈ మౌత్‌కూ ముడిపెట్టే సబూత్ లేదు కాబట్టి నేనూ ముడిపెట్టను. 2022 ఫిబ్రవరిలో గెలుపు రద్దు చేసి, రెండో స్థానంలో వచ్చిన మాండలూన్‌కి డర్బీ ఇచ్చారు. (అది కూడా సౌదీ షహజాదా మర్హూమ్ ఖాలిద్ బిన్ అబ్దుల్లా స్థాపించిన తబేలా గుర్రమే. అటూ ఇటూ మనవాళ్ళే.) జేదాన్ అప్పీలు మీద అప్పీలు వేసి, చివరికి 2024 జనవరిలో వదిలేశారు.

ఈ విషయం ఎక్కడ ఎత్తినా మన మహఫిల్‌లలో ఒకటే జవాబు వస్తుంది. "అరే భాయ్, ఘోడా రేసే హరాం. హరాం పనిలో ఏ దవా వాడితే మనకేంటి? సారాయిలో నీళ్ళు కలిపారని ఫిర్యాదు చేస్తామా?" వినడానికి బాగానే ఉంటుంది, నవ్వు కూడా వస్తుంది. కానీ ఈ జవాబు సగమే అని నా అభిప్రాయం. మిగతా సగంలో గుర్రం ఉంది.

జువా సంగతి ముందు తేల్చేద్దాం, దాని మీద బహస్ లేదు. సూరె మాయిదా 90వ ఆయత్ సారానీ, జువానీ ఒకే వరసలో పెట్టి రెంటినీ షైతాన్ పనులంది. మలక్‌పేట గేటు దగ్గర సాయంత్రం చిరిగిన టికెట్ ముక్కల మీద నడుచుకుంటూ బయటికొచ్చే వాళ్ళలో మన టోపీలు ఎన్ని ఉంటాయో చూసినవాళ్ళకి తెలుసు. ఆ నెల కిరాయి ఎక్కడికి పోయిందో వాళ్ళ ఇంటి ఆడవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. కాబట్టి పందెం కాయొచ్చా అని నన్నెవరూ అడగక్కర్లేదు.

కానీ పందెం వేరు, పరుగు వేరు. మన దీన్ ఈ రెంటినీ విడదీసి చూసింది. గుర్రాలను పరిగెత్తించడం సున్నత్‌లో ఉన్న విషయం. సహీ బుఖారీలో హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమర్ (రజి) రివాయత్ ఉంది. హుజూర్ (స) గుర్రాల మధ్య పరుగు పెట్టించారు. తర్ఫీదు ఇచ్చిన గుర్రాలకి హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా దాకా, అంటే ఐదారు మైళ్ళు. తర్ఫీదు లేని వాటికి సనియ్యా నుంచి బనీ జురైఖ్ మస్జిద్ దాకా, మైలు దూరం. ఇబ్న్ ఉమర్ కూడా ఆ పరుగులో ఉన్నారు. ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఆ రెండు దూరాలు. తయారైన గుర్రాన్నీ తయారుకాని గుర్రాన్నీ ఒకే గీత మీద నిలబెట్టలేదు. దేని తాఖత్‌ని బట్టి దానికి దూరం. ఈనాటి రేసింగ్ క్లబ్బులు క్లాసులనీ హ్యాండిక్యాప్‌లనీ రూల్సు పుస్తకాల్లో రాసుకునేది దీన్నే.

ఆ తర్ఫీదుకి అరబ్బీలో తజ్‌మీర్ అని పేరు. గుర్రాన్ని కొన్నాళ్ళు బాగా మేపుతారు. తర్వాత మేత తగ్గించి, దుప్పట్లు కప్పి చెమట పట్టించి, కొవ్వు కరిగించి, కండ గట్టిపరుస్తారు. వారాల మెహనత్ అది. స్టెరాయిడ్ సూది ఆ మెహనత్‌కి అడ్డదారి.

ఇంకో హదీస్ అబూ దావూద్‌లో ఉంది, హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) నుంచి. పరుగులో జలబ్ లేదు, జనబ్ లేదు అని హుజూర్ (స) మనా చేశారు. జలబ్ అంటే తన గుర్రం వెనకాల మనిషిని పెట్టి అరిపించి, బెదరగొట్టి, దాన్ని ఇంకా వేగంగా ఉరికించడం. జనబ్ అంటే పక్కనే అలసిపోని ఇంకో గుర్రాన్ని తెచ్చుకుని, నడుమ దారిలో దాని మీదికి మారడం. ఒక్కసారి ఆగి ఆలోచించండి. పరుగులో గుర్రం సొంత తాఖత్ కానిది ఏదీ రాకూడదన్నమాట. బయటి నుంచి రెచ్చగొట్టేదీ వద్దు, అలసట దాచి కొత్త బలం అరువు తెచ్చేదీ వద్దు. ఆ రోజుల్లో సూది లేదు, సిరంజి లేదు. అరుపు ఉంది, అదనపు గుర్రం ఉంది. ఉన్నవాటినే మనా చేశారు. డోపింగ్ రూల్స్ అంగ్రేజుల ఈజాద్ అనుకునే మన చదువుకున్న పిల్లలకి ఈ హదీస్ ఒకసారి వినిపించండి.

అంగ్రేజుల దగ్గర చాలాకాలం భయం ఇంకో రకంగా ఉండేది. గుర్రం గెలవకుండా చేయడానికి విషం పెట్టేవాళ్ళు. న్యూమార్కెట్‌లో గుర్రాలు తాగే నీళ్ళ తొట్టిలో పాషాణం కలిపినందుకు డేనియల్ డాసన్ అనేవాణ్ణి 1812లో కేంబ్రిడ్జ్‌లో ఉరి తీశారు. ఓడించడానికి మత్తు, గెలిపించడానికి ఉత్తేజం. డోపింగ్ అనగానే మనకి ఈ రెండే గుర్తొస్తాయి. నా లెక్కలో ఈ రెండూ చిన్న గునాహ్‌లు. పెద్దది మూడోది. అది నొప్పి తెలియకుండా చేసే దవా.

ఎందుకంటారా? తబేలాలో పనిచేసిన ఏ సాయిస్‌నైనా అడగండి. పొద్దున్నే గుర్రానికి మేత వేయకముందే అతను చేసే మొదటి పని వంగి, నాలుగు కాళ్ళ మీదా అరచెయ్యి పెట్టి మోకాలి కింది నుంచి గిట్ట దాకా నెమ్మదిగా దించడం. ఎక్కడైనా వేడి తగిలిందా, వాపు ఉందా అని. తర్వాత నడిపించి చూస్తాడు, అడుగు సమంగా పడుతోందా, తల ఊపుతోందా అని. సాయిస్‌గా ముసలివాడైన ఒక చాచా నాతో అన్నమాట ఇది: "బేటా, ఘోడా బోలతా నహీ అంటారు. బోలతా హై. కాలుతో బోలతా హై." గుర్రం కుంటిందంటే అది మాట్లాడిందన్నమాట. ఇక్కడ నొప్పిగా ఉంది, ఈవాళ నావల్ల కాదు అని చెప్పింది. దానికి ఇంకో జబాన్ లేదు.

ఇప్పుడు ఆ నొప్పిని సూదితో మాయం చేశామనుకోండి. ఎముకలో సన్నటి చీలిక అలాగే ఉంది, నరం వాపు అలాగే ఉంది, గుర్రానికి మాత్రం తెలియదు. అర టన్ను బరువు గంటకి 60 కిలోమీటర్ల వేగంతో ఆ కాలి మీద పడుతుంది. మనిషి ఆటగాడైతే నొప్పి సూది వేయించుకునేటప్పుడు కనీసం వాడికి తెలుసు, సంతకం పెడతాడు, కాదనే హక్ వాడికుంది. గుర్రం సంతకం ఎవరు పెట్టారు? బేజుబాన్ జాన్వర్‌కి ఉన్న ఒక్క జబాన్‌ని కోసేసి, చూశారా, ఏమీ అనడం లేదు, పరిగెత్తడానికి రాజీగానే ఉంది అని చెప్పడం కన్నా పెద్ద జుల్మ్ నాకు కనిపించడం లేదు. దాని వీపు మీద ఒక జాకీ కూడా ఉన్నాడు. గుర్రం కాలు విరిగితే అతని మెడ కూడా విరగొచ్చు. అతనికీ ఎవరూ చెప్పలేదు.

2016 అక్టోబర్‌లో ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లోలో 120 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగు జరిగింది. క్యాసిల్‌బార్ కాంట్రాబాండ్ అనే గుర్రం ముందు కాలి ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. అక్కడే దానికి మరణ సూది ఇచ్చారు. రక్తంలో జైలజీన్ దొరికింది. స్పర్శ తెలియకుండా కాలికి సూది వేసి పరిగెత్తించారని అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య, ఎఫ్‌ఈఐ, ట్రిబ్యునల్ 2020లో తేల్చి, స్వారీ చేసిన వ్యక్తి మీద 20 ఏళ్ళ నిషేధం వేసింది. ఆయన ఎమిరేట్స్‌కి చెందిన ఒక షేక్. పేరు రాయడం వల్ల మనకి ఫాయిదా లేదు. ఆ గుర్రం పేరు మాత్రం రాశాను.

నొప్పి దవాల కథ అమెరికాలో పాతది. 1968లో కెంటకీ డర్బీ గెలిచిన డాన్సర్స్ ఇమేజ్ నమూనాలో ఫినైల్‌బ్యూటజోన్ దొరికింది. తబేలా భాషలో 'బ్యూట్' అంటారు, కీళ్ళ నొప్పులకి ఇచ్చేది. బహుమతి ఫార్వర్డ్ పాస్‌కి పోయింది, దావా ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగింది. దాని తర్వాత వాళ్ళు నేర్చుకున్నదేమిటి? చాలా రాష్ట్రాలు బ్యూట్‌ని ఒక మోతాదు దాకా జాయిజ్ చేసేశాయి! పరుగులో ఊపిరితిత్తుల్లో రక్తం కారకుండా అని చెప్పి, రేసుకి నాలుగు గంటల ముందు లేసిక్స్ సూది ఇవ్వడం అక్కడ దశాబ్దాల పాటు మామూలు ఆచారం. ఆ సూదికి గుర్రం మూత్రం పోసి పోసి పది కిలోలకు పైగా బరువు తగ్గుతుంది, ఆ తేలికదనం కూడా లాభమే. యూరప్‌లో రేసు రోజున అదంతా మనా. గుర్రం అదే, ఊపిరితిత్తులు అవే. సముద్రం దాటితే దవా ఇలాజ్ అవుతుంది, ఇటు వస్తే జుర్మ్ అవుతుంది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు ఉండేది. 2020 చివర్లో చేసిన కేంద్ర చట్టం కింద హీసా అనే సంస్థ వచ్చి, 2023 నుంచి దవాల రూల్స్ ఒక దారికి తెస్తోంది. ఆలస్యంగానైనా మంచిదే.

ఇలాజ్ చేయొద్దని ఎవరూ అనుకోకండి. గుర్రానికి నొప్పి ఉంటే దవా ఇవ్వడం ఫర్జ్ లాంటిదే. ఇచ్చాక దాన్ని నిలబెట్టాలి. దవా పని చేస్తున్నన్నాళ్ళూ విశ్రాంతి. దవా తాలూకు అసర్ ఒంట్లో ఉండగా పరిగెత్తించడం దగ్గరే ఇలాజ్ జుల్మ్‌గా మారిపోతుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన జవాబు దగ్గరికి మళ్ళీ వస్తాను, "రేసే హరాం, మనకేంటి" అన్నదానికి. జువా వల్లే ఈ ఖరాబీ అంతా, జువా తీసేస్తే దవా కూడా పోతుందని చాలామంది అనుకుంటారు. దుబాయ్ చూడండి. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు మేదాన్ నుంచి సెల్ఫీలు పంపుతుంటారు కదా, అక్కడ దుబాయ్ వరల్డ్ కప్ నాడు కూడా బెట్టింగ్ కౌంటరు ఉండదు. ఇనామ్ పాలకుల ఖజానా నుంచి వస్తుంది. పరుగెత్తేవాళ్ళు ఒకరి జేబులో నుంచి ఒకరు లాక్కోకుండా, మూడోవాడు ఇచ్చే ఇనామ్‌ని ఉలమా జాయిజ్ అన్నారు. ఎడారిలో ఎండ్యూరెన్స్ పరుగులకీ పందెం లేదు. మరి అక్కడ దవా లేకుండా పోయిందా?

2009లో తహ్హాన్ అనే ఎండ్యూరెన్స్ గుర్రం నమూనాల్లో స్టానోజొలాల్ స్టెరాయిడ్‌తో సహా మనా అయిన పదార్థాలు దొరికాయి. స్వారీ చేసింది దుబాయ్ పాలకుడు షేక్ ముహమ్మద్ బిన్ రాషిద్ అల్ మక్తూమ్. ఎఫ్‌ఈఐ ఆయన్ని ఆరు నెలలు, ట్రైనర్‌ని ఏడాది సస్పెండ్ చేసింది. 2015 మార్చిలో గుర్రాల కాళ్ళు విరిగిన ఫోటోలు ప్రపంచమంతా తిరిగాక అదే ఎఫ్‌ఈఐ ఏకంగా ఎమిరేట్స్ ఫెడరేషన్‌నే కొన్ని నెలలు పక్కన పెట్టింది. 2019లో దుబాయ్‌లో గోల్డెన్ షాహీన్ గెలిచిన ఎక్స్ వై జెట్‌కి దవాలు ఇచ్చానని దాని అమెరికన్ ట్రైనర్ హోర్హే నవారో తర్వాత కోర్టులో ఒప్పుకున్నాడు. ఐదేళ్ళ జైలు పడింది. ఆ గుర్రం 2020 జనవరిలోనే చచ్చిపోయింది. ఆ ఫిబ్రవరిలో రియాద్‌లో మొదటి సౌదీ కప్ జరిగింది, మొత్తం ఇనామ్ 2 కోట్ల డాలర్లు. గెలిచింది మాక్సిమమ్ సెక్యూరిటీ. పది రోజులు తిరక్కుండానే దాని ట్రైనర్ జేసన్ సర్విస్ మీద అమెరికా కేంద్ర ప్రభుత్వం డోపింగ్ కేసు పెట్టింది. సౌదీ వాళ్ళు గెలిచిన ఇనామ్‌ని ఆపేసి ఉంచారు. సర్విస్‌కి నాలుగేళ్ళ శిక్ష పడింది. 2024లో గెలుపు రద్దు చేసి రెండోదైన మిడ్‌నైట్ బీసూకి ఇచ్చారు. ఈ విషయంలో రియాద్ వాళ్ళని మెచ్చుకోవాలి. నాలుగేళ్ళు ఆగినా మరిచిపోలేదు.

కాబట్టి జువా లేనిచోట కూడా ఇది ఉంది. డబ్బు లాలచ్ లేనిచోట నామ్ లాలచ్ ఉంది, షాన్ ఉంది, తన జెండా ముందుండాలనే తకబ్బుర్ ఉంది. బుఖారీలో గుర్రాలు మూడు రకాలన్న హదీస్ విని ఉంటారు. ఒకరికి సవాబ్, ఒకరికి పర్దా, ఒకరికి బరువు. బరువయ్యేది ఎవరికి? గొప్పకోసం, జనానికి చూపించుకోవడం కోసం పెంచేవాడికి. ఆ మూడో రకంలో పందెం ప్రస్తావన కూడా లేదు, గమనించండి.

2013 సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అసలు సవాలు అక్కడుంది. షేక్ ముహమ్మద్ స్థాపించిన గొడాల్ఫిన్ ప్రపంచంలోని అతిపెద్ద రేసింగ్ సంస్థల్లో ఒకటి. న్యూమార్కెట్‌లో దాని తబేలా మౌల్టన్ ప్యాడాక్స్. ఆ ఏప్రిల్‌లో బ్రిటిష్ అధికారులు ముందస్తు ఖబర్ లేకుండా వచ్చి 45 గుర్రాల నమూనాలు తీశారు. 11 గుర్రాల్లో స్టెరాయిడ్లు. ట్రైనర్ మహమూద్ అల్ జరూనీ ఇంకో నాలుగింటికి కూడా ఇచ్చానని ఒప్పుకున్నాడు. అవి అప్పుడు రేసుల్లో లేవు కాబట్టి తప్పని అనుకోలేదన్నాడు. ఎనిమిదేళ్ళ నిషేధం. తర్వాత జరిపిన పరీక్షల్లో మరో ఏడు గుర్రాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఎంకే, 2012 సెయింట్ లెజర్ విజేత. 1970లో నిజిన్‌స్కీ తర్వాత ఎవరికీ దక్కని ట్రిపుల్ క్రౌన్‌కి ఒక్క అడుగు దూరంలో ఉన్న క్యామెలాట్‌ని ఆ రేసులో ఓడించిన గుర్రం అదే! లెజర్ రోజు తీసిన నమూనాలో ఏమీ లేదు కాబట్టి ఎంకే గెలుపు నిలబడింది. ఖానూన్ ప్రకారం సరే. క్యామెలాట్ వాళ్ళ దిల్‌లో మాత్రం ఆ ముల్లు ఉండే ఉంటుంది.

షేక్ ముహమ్మద్ తనకేమీ తెలియదన్నారు, ఆగ్రహం చూపారు, తబేలాకి తాళం వేయించి గుర్రాలన్నిటికీ పరీక్షలు చేయించారు. ఆయనకి తెలుసని ఎవరూ రుజువు చేయలేదు, నేనూ అనను. నేను అడిగేది వేరు. 2009లో స్వారీ చేసినవాడే జిమ్మేదార్ అని ఎఫ్‌ఈఐ రూలు. కాబట్టి పాలకుడైనా శిక్ష పడింది. 2013లో ట్రైనరే జిమ్మేదార్ అని రేసింగ్ రూలు. కాబట్టి మాలిక్ వైపు శిక్ష రాలేదు. మాలిక్ తప్పు పెరిగిందా తగ్గిందా అన్నదాంతో దీనికి సంబంధం లేదు, రూలు ఎవరి పేరు రాసుకుందో అదే లెక్క.

మన దగ్గర లెక్క ఎలా ఉంది? అబూ దావూద్‌లోనే ఉన్న ఒంటె వాఖియా గుర్తుచేసుకోండి. హుజూర్ (స) ఒక అన్సారీ తోటలోకి వెళ్తే అక్కడున్న ఒంటె ఆయన్ని చూసి ఏడ్చింది. ఆయన దాని చెవుల వెనక నిమిరి ఓదార్చి, ముందుగా అడిగింది ఈ ఒంటె ఎవరిదని. మేపేవాడెవడు, తోలేవాడెవడు అని అడగలేదు. మాలిక్ ముందుకొచ్చాడు. ఆకలితో మాడుస్తున్నావనీ, శక్తికి మించి పని చేయిస్తున్నావనీ ఇది నాతో షికాయత్ చేసిందని ఆయనకి చెప్పి, అల్లాహ్ తన చేతికిచ్చిన జాన్వర్ విషయంలో భయపడమన్నారు. జాన్వర్ అమానత్. ట్రైనర్‌ని జీతానికి పెట్టుకున్నంత మాత్రాన అమానత్ అతని పేరు మీదికి బదిలీ కాదు. పేరూ, కప్పూ, ఫోటో మాలిక్‌వి అయినప్పుడు గుర్రం ఒంట్లో దొరికిన జహర్ కూడా కొంత మాలిక్‌దే. గెలుపు రద్దయితే మాలిక్ ఇనామ్ పోతుంది కదా అంటారు. అది శిక్ష ఎలా అవుతుంది, తనది కానిది తిరిగి ఇవ్వడమే కదా. తన తబేలాలో పదే పదే ఇలా జరిగితే మాలిక్ రంగులకే నిషేధం పడాలి.

దీనికి ఎదురుగా ఒక మజ్‌బూత్ వాదన ఉంది, దాన్ని దాటవేయడం ఇన్సాఫ్ కాదు. మదీనా స్పిరిట్ రక్తంలో దొరికింది మిల్లీలీటరుకి 21 పికోగ్రాములు. పికోగ్రామ్ అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. కీలులో వేసిన సూది కాదు, చర్మం మీది దద్దుర్లకి రాసిన మలాం నుంచి వచ్చిందని వాళ్ళ వకీళ్ళు అన్నారు. తర్వాతి పరీక్షలు కూడా మలాం మాటకే బలమిచ్చాయన్నారు. యంత్రాలు ఇంత సూక్ష్మంగా చూస్తుంటే, సాయిస్ తన చేతికి రాసుకున్న మలాం, ఎవరో పారేసిన మేత కూడా గుర్రాన్ని దొంగని చేస్తాయి కదా, నీయత్ లేనివాణ్ణి శిక్షించడం ఏం న్యాయం అని అడుగుతారు.

దీనికి జవాబు మన ఫిఖ్‌లో ఉందని నాకనిపిస్తుంది. గునాహ్ వేరు, జమాన్ వేరు. నువ్వు నిద్రలో దొర్లి పక్కవాడి కుండ పగలగొడితే గునాహ్ లేదు, ఎందుకంటే నీయత్ లేదు. కుండ ఖరీదు మాత్రం ఇవ్వాలి. రేసు కూడా అంతే. దవా ఎలా వచ్చినా గెలుపు రద్దు కావాలి. ఎందుకంటే రెండో గుర్రం హక్ పోయింది, దాని మాలిక్‌కి నీ నీయత్‌తో పని లేదు. ట్రైనర్ లైసెన్సు తీసేయడానికీ, అతన్ని దొంగ అనడానికీ మాత్రం నీయత్ చూడాలి, సబూత్ చూడాలి, మలాం కథ నిజమైతే వినాలి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే అటు అమాయకులు బద్నాం అవుతున్నారు, ఇటు బద్మాష్‌లు మలాం మాట చెప్పి తప్పించుకుంటున్నారు.

ఇక మన ఇంటి సంగతి. మౌలాలీలో మొదలైన హైదరాబాద్ గుర్రప్పందాలు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జమానాలో, 1886లో మలక్‌పేటకి వచ్చాయి. తరాలు మారాయి, ఆ తబేలాల్లో గడ్డి వేసే చేతుల్లో మన చేతులు ఇంకా ఉన్నాయి. సాయిస్‌లు, రైడింగ్ బాయ్‌లు, నాలాలు కొట్టే నాల్‌బంద్‌లు, జాకీలు. పందెం కాసే చాచాకి ఫత్వా చెప్పే మనం, గుర్రం కాలు పట్టుకుని బతికే ఈ కుర్రాళ్ళకి ఏం చెప్పాం?

మన దేశంలోనూ కేసులు లేవని కాదు. 2017లో బెంగళూరులో రేసు గెలిచిన క్వీన్ లతీఫా నమూనాలో ప్రొకైన్ దొరికి, వ్యవహారం పోలీసు కేసు దాకా వెళ్ళింది. ప్రొకైన్ అంటే పళ్ళ డాక్టరు చిగురుకి వేసే తిమ్మిరి సూది లాంటిదే. పెన్సిలిన్ సూదుల్లో ఒక రకంలో కూడా అది కలిసి ఉంటుంది కాబట్టి ఇలాజ్ నుంచి వచ్చిందనే మాటకి ఎప్పుడూ చోటుంటుంది. అందుకే నేను అడిగేది, ఇలాజ్ ఎప్పుడు జరిగింది, ఏం ఇచ్చారు, ఎందుకిచ్చారు అన్న కాగితం రేసుకి ముందే బయట ఉండాలని. పట్టుబడ్డాక దొరికే చీటీకి నా దగ్గర విలువ లేదు.

ఇది కాని పని కాదు. హాంగ్‌కాంగ్ జాకీ క్లబ్ తన దగ్గరున్న ప్రతి గుర్రం వైద్య చరిత్రని ఎవరైనా చూడగలిగేలా తన సైట్‌లో పెడుతుంది. ఏ తేదీన ఏ కాలు కుంటింది, ఏ రోజు మళ్ళీ డాక్టరు పరీక్ష పాసైంది, అన్నీ. మన సుప్రీంకోర్టు 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో గుర్రప్పందెం జువా కాదు, మహారత్‌తో కూడిన ఆట అంది. గుర్రం జాతి, ఫామ్, జాకీ, ట్రైనర్, ఇవన్నీ బేరీజు వేసి చెప్పే తెలివి అందులో ఉందని. షరీఅత్ లెక్కలో ఆ తీర్పుతో నాకు ఇత్తిఫాఖ్ లేదు. కానీ ఆ తీర్పు నీడలో బతుకుతున్న క్లబ్బులకి ఒక సవాల్ వేయొచ్చు. కుంటే కాలికి తిమ్మిరి సూది ఉన్న సంగతి దాచిపెట్టాక ఇంక బేరీజు వేయడానికి ఏం మిగిలింది? మీ మాట ప్రకారమే అది జువా అయిపోదా?

క్లబ్బులు ఎప్పుడు వింటాయో అల్లాహ్‌కే తెలుసు. అప్పటిదాకా తబేలాలో పనిచేసే మన కుర్రాళ్ళతో, వాళ్ళ అమ్మీ అబ్బాలతో ఒక మాట. డాక్టరు కాని మనిషి సిరంజి పట్టుకుని రాత్రిపూట తబేలాలోకి వస్తే, గుర్రం తల పట్టుకోమని మీకే చెబుతాడు. ఐదొందలో వెయ్యో చేతిలో పెడతాడు. పట్టుబడిన రోజు ట్రైనర్‌కి వకీలు ఉంటాడు, మాలిక్‌కి వకీలు ఉంటాడు, మలాం రాసింది సాయిసే అని రాసిన కాగితం మీద మీ వేలిముద్ర ఉంటుంది. మీ దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పొద్దున కాలు తడిమినప్పుడు వేడి ఉందా లేదా, డాక్టరు ఎప్పుడొచ్చాడు, ఏ సీసా తెరిచాడు, తేదీ వేసి తెలుగులోనో ఉర్దూలోనో రాసుకోండి. రాయడం రాకపోతే ఇంట్లో స్కూలుకెళ్ళే పిల్లలున్నారు, వాళ్ళచేత రాయించండి.